మిస్డ్ కాల్‌కు సర్వరే తిరిగి ఫోన్ చేయాలంటే

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మేము ఇందుకూరుపేట ప్రాంతంలోని రొయ్యల రైతులకు మేత, మందులు సరఫరా చేస్తున్నాము. మా వద్ద ముగ్గురు టెక్నీషియన్లు పనిచేస్తున్నారు. రాత్రివేళ గుంటలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు రైతు మా నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే, డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌తో మా సర్వరే అతనిని కలిపే ఏర్పాటు చేయదలచాము. కార్యాలయంలో ఆస్టరిస్క్ (ఫోన్ కాల్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్, ఒక ఆపరేటర్ ఇచ్చిన సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ఫోన్ లైను) ఇప్పటికే ఉన్నాయి. కాల్‌బ్యాక్‌ను ఎలా అమర్చుకోవాలి?
— ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: మీరు తలపెట్టినది చేయదగిన పని, చేయవలసిన పని కూడా. 2003లో మొబైల్‌కు వచ్చే కాల్స్ ఉచితమైన నాటి నుంచి చాలాకాలం పాటు మిస్డ్ కాల్ అంటే డబ్బు ఆదా చేసుకునే మార్గంగా ఉండేది. నెలవారీ ప్యాక్‌లలో కాల్స్ అపరిమితంగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఆ లాభం చాలావరకు తగ్గిపోయింది. మీ విషయంలో కాల్‌బ్యాక్ వల్ల కలిగే ప్రయోజనం వేరు. తెల్లవారుజామున గుంట గట్టు మీద టార్చిలైటు పట్టుకొని నిలబడిన రైతు, ముగ్గురు టెక్నీషియన్ల నంబర్లను ఒకదాని తరువాత ఒకటి తానే ప్రయత్నించవలసిన అవసరం లేకుండా, ఆ వెతికే పనిని సర్వర్ తన మీద వేసుకుంటుంది. అమరికలో మీరు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ ప్రయోజనంతో సరిచూసుకోండి.

పని జరిగే తీరు ఇది. రైతు ఫోన్ మోగించగానే అతని నంబరు, అంటే కాలర్ ఐడీ, ట్రంక్ ద్వారా సర్వర్‌కు చేరుతుంది. సర్వర్ ఆ కాల్‌ను ఎత్తకూడదు. ఎత్తిన క్షణం నుంచి అది మాట్లాడిన కాల్‌గా లెక్కలోకి వస్తుంది. డయల్‌ప్లాన్‌లో, అంటే కాల్ వచ్చినప్పుడు ఏం చేయాలో సర్వర్‌కు వరుసగా చెప్పే ఆదేశాలలో, ఆన్సర్ అనే ఆదేశం లేకపోతే చాలునని కొందరు అనుకుంటారు కానీ, రికార్డు చేసిన మాటను వినిపించే ప్లేబ్యాక్ వంటి ఆదేశాలు కూడా, ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, కాల్‌ను తామే ఎత్తేస్తాయి. కాబట్టి మొదటి కాల్‌లో కొన్ని సెకన్ల పాటు రింగ్ వినిపించి, ఆ తరువాత బిజీ సంకేతంతో కాల్‌ను ముగించడం తప్ప మరేమీ పెట్టకండి.

తిరిగి ఫోన్ చేసే ఆదేశాన్ని ఎక్కడ ఉంచాలన్నది తరువాతి విషయం. చాలామంది రైతులు ఒకటి రెండు రింగులు కాగానే తామే కట్ చేస్తారు. డయల్‌ప్లాన్ వరుసలో చివరన రాసుకున్న ఆదేశం అటువంటప్పుడు అసలు నడవదు. ఏ వైపు నుంచి కాల్ ముగిసినా తప్పకుండా నడిచేది డయల్‌ప్లాన్‌లో 'హెచ్' అనే ప్రత్యేక ఎక్స్‌టెన్షన్ (ఒక ఆదేశాల విభాగం) కనుక, కాల్‌బ్యాక్‌ను పుట్టించే పనిని అందులోనే ఉంచండి. ఆ పని చేసేది కాల్ ఫైలు. ఎవరికి ఫోన్ చేయాలి, ఎంతసేపు మోగించాలి, ఎత్తిన తరువాత డయల్‌ప్లాన్‌లో ఎక్కడికి పంపాలి అన్న నాలుగైదు వరుసలు మాత్రమే ఉండే చిన్న టెక్స్ట్ ఫైలు అది. ఆస్టరిస్క్ స్పూల్ ఫోల్డర్‌లోని 'అవుట్‌గోయింగ్' అనే ఫోల్డర్‌లోకి అది రాగానే ఆస్టరిస్క్ దానిని చదివి కాల్ మొదలుపెడుతుంది. అందువల్ల ఫైలును నేరుగా ఆ ఫోల్డర్‌లో రాయడం మొదలుపెడితే, సగం రాసిన ఫైలునే చదివి వదిలేసే ప్రమాదం ఉంది. అదే డిస్కులోని మరో ఫోల్డర్‌లో పూర్తిగా రాసి, ఆ తరువాత ఇందులోకి తరలించాలి. కాపీ చేయకూడదు, తరలించాలి.

మిస్డ్ కాల్ ముగిసిన వెంటనే తిరిగి ఫోన్ చేస్తే రైతు ఫోన్ ఇంకా ఖాళీ కాక బిజీ వస్తుంది. 10 సెకన్ల వ్యవధి ఇవ్వండి. దీనికి వేరే ప్రోగ్రాం అవసరం లేదు. కాల్ ఫైలు చివరిసారి మారిన సమయాన్ని 10 సెకన్ల తరువాతి సమయంగా మార్చి తరలిస్తే, ఆ సమయం వచ్చే వరకు ఆస్టరిస్క్ దానిని ముట్టుకోదు. మీరు వేరుగా చెప్పకపోతే రైతు ఫోన్ 45 సెకన్లు మోగుతుంది, ఎత్తకపోతే మళ్లీ ప్రయత్నం జరగదు. మళ్లీ ప్రయత్నించమని చెప్పినా రెండు ప్రయత్నాల మధ్య 300 సెకన్లు గడుస్తాయి. ఆక్సిజన్ పడిపోతున్న గుంటకు అయిదు నిమిషాలు చాలా ఎక్కువ. రెండు పునఃప్రయత్నాలు, వాటి మధ్య 30 సెకన్లు అని మీ ఫైలులో స్పష్టంగా రాయండి.

ఇక రైతు ఫోన్ ఎత్తిన తరువాత ఏం జరగాలన్నది, నా దృష్టిలో, ఈ ఏర్పాటు మొత్తానికి ఆయువుపట్టు. ముందు టెక్నీషియన్‌ను పట్టుకొని తరువాత రైతుకు ఫోన్ చేయడమా, ముందు రైతుకు చేసి తరువాత టెక్నీషియన్‌ను వెతకడమా అన్న ప్రశ్న వస్తుంది. మొదటి పద్ధతిలో రైతు లైనులో ఎదురుచూడవలసిన పని ఉండదు కానీ, తన మిస్డ్ కాల్ అందిందో లేదో అతనికి తెలియదు. రెండవ పద్ధతినే ఎంచుకోమని నా సలహా. రైతు ఎత్తగానే "మీ కాల్ అందింది, ఏరేటర్లు ఆగి ఉంటే ముందు వాటిని ఆన్ చేయండి, టెక్నీషియన్‌ను కలుపుతున్నాము" అని మీవారిలో ఒకరి గొంతుతో, మన ప్రాంతపు మాటల్లోనే రికార్డు చేసి వినిపించండి. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తెల్లవారుజామునే అన్నిటికంటె తక్కువగా ఉంటుంది కనుక, టెక్నీషియన్ దొరికే ఆ ఒకటి రెండు నిమిషాలు కూడా వృథా కాకూడదు.

టెక్నీషియన్లను వెతకడానికి ఒక్కొక్కరికీ 20 సెకన్ల చొప్పున వరుస పెట్టవచ్చు, లేదా ముగ్గురికీ ఒకేసారి మోగించవచ్చు. డ్యూటీ వంతులు ఉన్నప్పుడు వరుసే మేలు. టెక్నీషియన్ తన మొబైల్‌లో ఎత్తిన తరువాత 1 నొక్కితేనే రైతుతో కలిసేలా చూడండి. ఆస్టరిస్క్‌ను వెబ్ పేజీల ద్వారా అమర్చుకునే ఫ్రీపీబీఎక్స్‌లో రింగ్ గ్రూపుకు (ఒక కాల్‌కు మోగవలసిన నంబర్ల జట్టుకు) ఈ సదుపాయం సిద్ధంగా ఉంటుంది. ఇలా 1 నొక్కే ఏర్పాటు లేకపోతే, ఒకరి ఫోన్‌లోని వాయిస్ మెయిల్ కాల్‌ను ఎత్తినా మనిషే ఎత్తాడని సర్వర్ భావించి, అక్కడితో వెతకడం ఆపేస్తుంది. టెక్నీషియన్ల మొబైళ్లలో సాఫ్ట్‌ఫోన్ యాప్ (ఇంటర్నెట్ ద్వారా సర్వర్ కాల్‌ను అందుకునే యాప్) పెడితే ట్రంక్ ఛానళ్లు (ఒక్కొక్క కాల్‌కు ఒక్కొక్కటి పడుతుంది) ఆదా అవుతాయన్న మాట నిజమే కానీ, రాత్రి ఫోన్ నిద్రాణ స్థితిలోకి వెళ్లినప్పుడు యాప్ మోగకపోవడం తరచుగా జరిగేదే. ఇటువంటి అత్యవసర పనికి మామూలు మొబైల్ కాలే నమ్మదగినది. అయితే అప్పుడు ఒక్కొక్క సంభాషణకు రెండు ఛానళ్లు, రైతుకు ఒకటి, టెక్నీషియన్‌కు ఒకటి, పడతాయి. ఇద్దరు రైతులు ఒకే సమయంలో మాట్లాడుతూ, మూడవవారి మిస్డ్ కాల్ లోపలికి రావాలంటే కనీసం అయిదు ఛానళ్లు కావాలి. ఆపరేటర్ వద్ద రెండు ఛానళ్ల ట్రంక్ తీసుకొని కాల్‌బ్యాక్ సరిగా పనిచేయడం లేదని బాధపడేవారు ఎక్కువగా పొరబడేది ఈ లెక్కలోనే. బ్రాడ్‌బ్యాండ్ గురించి మాత్రం చింత అక్కరలేదు. జీ.711 కోడెక్‌లో (మాటను డిజిటల్ రూపంలోకి మార్చే పద్ధతిలో) మాటకు సెకనుకు 64 కిలోబిట్లు, ప్యాకెట్ల అదనపు భారంతో కలిపి ఒక్కొక్క దిశలో సుమారు 87 కిలోబిట్లు మాత్రమే ఖర్చవుతాయి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. కాల్‌బ్యాక్ అంటే బయటివారెవరో ఇచ్చిన సంకేతానికి మీ సర్వర్ మీ డబ్బుతో ఫోన్ చేయడం. కాబట్టి ఎలా ఫోన్ చేయాలన్న దానికంటె ముందు ఎవరికి చేయాలన్నది తేల్చుకోవాలి. విదేశాలలోని ఖరీదైన నంబర్ల నుంచి మిస్డ్ కాల్ ఇచ్చి, తిరిగి ఫోన్ చేసినవారి నుంచి డబ్బు గుంజే మోసం ఎంతోకాలంగా నడుస్తోంది. మనిషైతే వింత నంబరు చూసి అనుమానిస్తాడు. సర్వర్‌కు అటువంటి అనుమానం మీరు నేర్పితే తప్ప రాదు. మీ రైతుల నంబర్లతో ఒక పట్టిక తయారు చేసి, అందులో ఉన్న నంబరుకు మాత్రమే కాల్‌బ్యాక్ వెళ్లేలా చేయండి. పట్టికలో లేని నంబరు చిట్టాలో నమోదైతే చాలు, ఉదయం మనిషే చూసి ఫోన్ చేస్తాడు. దీనికి తోడు, విదేశీ కాల్స్ సదుపాయాన్ని ట్రంక్ మీద ఆపరేటర్ చేతనే మూయించండి.

నంబరు పోల్చే చోట ఒక చిక్కుంది. ఒకే రైతు నంబరు ఒకసారి 10 అంకెలతోను, మరొకసారి ముందు సున్నాతోను, ఇంకొకసారి 91తోను రావచ్చు. చివరి 10 అంకెలు తీసుకొని పోల్చితే సరిపోతుందని అందరూ చెబుతారు. అయితే వేరే దేశపు పొడవైన నంబరులోని చివరి 10 అంకెలు కూడా మన మొబైల్ నంబరు లాగా కనిపించవచ్చు. అందుచేత ఆ చివరి 10 అంకెలకు ముందున్న భాగం సున్నా గాని, 91 గాని అయినప్పుడు మాత్రమే దానిని తీసివేసి, మిగిలింది సరిగ్గా 10 అంకెలైతేనే పట్టికతో పోల్చండి. కాలర్ ఐడీని కల్పించి పంపడం సాధ్యమే కనుక దానిని గుర్తింపుగా పూర్తిగా నమ్మలేము. అయినా కాల్‌బ్యాక్‌లో ఒక మేలుంది. కల్పించినవాడు ఎవరైనా, తిరిగి వెళ్లే ఫోన్ మాత్రం ఆ నంబరు గల రైతుకే మోగుతుంది.

ఆందోళనలో ఉన్న రైతు ఒక్క మిస్డ్ కాల్‌తో ఆగడు, వరుసగా మూడు నాలుగు ఇస్తాడు. ప్రతిదానికీ ఒక కాల్ ఫైలు పుడితే అవి ఒకదానికొకటి అడ్డుపడి, రైతుకు ఎప్పుడూ బిజీనే వస్తుంది. ఆస్టరిస్క్‌లో ఉండే చిన్న డేటాబేస్‌లో ప్రతి నంబరుకు చివరి కాల్‌బ్యాక్ సమయాన్ని రాసి ఉంచుకొని, రెండు నిమిషాల లోపు వచ్చిన మిస్డ్ కాల్స్‌ను వదిలివేయండి. మూడు ప్రయత్నాలకు కూడా ఎవరూ దొరకకపోతే ముగ్గురు టెక్నీషియన్లకు, మీకు సంక్షిప్త సందేశం వెళ్లే ఏర్పాటు ఉండాలి.

సర్వర్ భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను. సిప్ వాడే 5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన ఏ సర్వర్‌నైనా పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు త్వరలోనే వెతికి పట్టుకుంటాయి. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును మీ ఆపరేటర్ చిరునామాకు మాత్రమే అనుమతించండి. నిర్వహణ పేజీని, బయటి ప్రోగ్రాములు ఆస్టరిస్క్‌కు ఆదేశాలిచ్చే 5038 పోర్టును బయటికి తెరవనే వద్దు. తీరప్రాంతంలో గాలివానకు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. యూపీఎస్‌ను సర్వర్‌కు ఒక్కదానికే గాక, రూటర్‌కు, ఫైబర్ పెట్టెకు కూడా కలపండి. ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఒక టెక్నీషియన్ సొంత నంబరు ప్రతి రైతు దగ్గరా రాసి ఉండాలి. పంట మొత్తం ఒక్క రాత్రిలో పోయే వ్యవహారంలో సర్వర్ ఒక్కటే దారి కాకూడదు. అలాగే, సహాయం కోసం రైతు ఇచ్చిన నంబరును మేత అమ్మకాల ప్రచారానికి వాడకండి. ప్రచార కాల్స్ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనలు ఉన్నాయి. అవి లేకపోయినా అది నమ్మకానికి చెందిన విషయం.

ప్రశ్న: మాది గ్రానైట్ వ్యాపారం. బయట తిరిగే మా సిబ్బంది కార్యాలయానికి మిస్డ్ కాల్ ఇస్తే సర్వర్ తిరిగి ఫోన్ చేసి డయల్ టోన్ ఇవ్వాలని, వారు అక్కడి నుంచి కొనుగోలుదారులకు కార్యాలయం నంబరుతోనే ఫోన్ చేయాలని మా కోరిక. ఇది వీలవుతుందా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వీలవుతుంది. పైన చెప్పిన కాల్‌బ్యాక్‌లో రైతును టెక్నీషియన్ల వరుసకు పంపినట్లే, మీరు సిబ్బందిని, డయల్ టోన్ ఇచ్చే డీసా అనే సదుపాయానికి పంపాలి. ఫ్రీపీబీఎక్స్‌లో కాల్‌బ్యాక్, డీసా రెండూ మాడ్యూళ్లుగా దొరుకుతాయి. ఇన్‌బౌండ్ రూట్‌లో (లోపలికి వచ్చిన కాల్ ఎటు వెళ్లాలో చెప్పే అమరికలో) సిబ్బంది కాలర్ ఐడీని గుర్తించి కాల్‌బ్యాక్‌కు, కాల్‌బ్యాక్ నుంచి డీసాకు గమ్యం పెట్టుకుంటూ పోతే సరిపోతుంది. మీవారు కొద్దిమందే కనుక, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇన్‌బౌండ్ రూట్ పెట్టడం కష్టం కాదు.

కానీ డీసా అంటే బయటి ఫోన్‌కు మీ కార్యాలయపు డయల్ టోన్‌ను అప్పగించడం. అందరికీ ఒకే పిన్ ఇవ్వకండి. ఒక్కొక్కరికి వేరు వేరు పిన్ ఉంటే, ఉద్యోగం మానినవారి పిన్‌ను ఆ రోజే తీసివేయవచ్చు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారో చిట్టాలో తెలుస్తుంది. నాలుగు అంకెల పిన్ చాలదు, ఎనిమిది అంకెలైనా ఉండాలి. డీసా నుంచి బయటికి వెళ్లే రూట్‌ను దేశీయ కాల్స్‌కు మాత్రమే పరిమితం చేసి, విదేశీ కొనుగోలుదారులతో మాట్లాడే పనిని కార్యాలయంలోని ఫోన్ల నుంచే జరపండి. పిన్ సరిగా నొక్కినా సర్వర్ గుర్తించకపోతే, ట్రంక్ అమరికలో డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే) పద్ధతి ఆపరేటర్ వాడే పద్ధతితో సరిపోలడం లేదని అర్థం. మాట వినిపిస్తూనే ఉంటుంది కనుక చాలామంది లోపాన్ని ఫోన్‌లో వెతుకుతారు. ప్రతి కాల్‌కు ఇక్కడ కూడా రెండు ఛానళ్లు పడతాయి, రెండింటి ఖర్చూ కార్యాలయానిదే.

ప్రశ్న: మా ఊరిలో చాలా కుటుంబాల పిల్లలు అమెరికాలో ఉన్నారు. నేను ఒక సర్వర్ పెట్టి, మిస్డ్ కాల్ ఇచ్చినవారికి తిరిగి ఫోన్ చేసి అమెరికాకు తక్కువ ధరలో కలుపుతూ, నిమిషానికి కొంత రుసుము తీసుకోవాలనుకుంటున్నాను. ఇందుకు ఏ పరికరాలు కావాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పరికరాల సంగతి తరువాత, అనుమతి లేకుండా ఈ పని చేయవద్దు. సొంత సంస్థ అవసరానికి, అనుమతి గల ఆపరేటర్ ఇచ్చిన ట్రంక్ మీద సర్వర్ నడుపుకోవడం ఒకటి; ఇతరులకు కాల్స్ అమ్మడం మరొకటి. రెండవది టెలికాం సేవ. ప్రభుత్వ అనుమతి లేకుండా అటువంటి సేవ అందించినవారికి 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు గాని, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కొందరు వ్యాపారులు సిమ్ కార్డులు వేసే గేట్‌వే పెట్టెలను ఇందుకోసం అమ్మజూపుతారు. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను వాటి ద్వారా ఇక్కడి ఫోన్లకు కలపడాన్నే పోలీసులు అక్రమ టెలిఫోన్ ఎక్స్ఛేంజిగా పరిగణించి పట్టుకుంటున్నారు.

మీకు ఈ ఆలోచన వచ్చిన పాత మార్గం ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1990లలో అమెరికా నుంచి బయటికి చేసే కాల్ ధర, బయటి దేశాల నుంచి అమెరికాకు చేసే కాల్ ధర కంటె చాలా తక్కువగా ఉండడం వల్ల, మిస్డ్ కాల్ అందుకొని అమెరికా నుంచి తిరిగి ఫోన్ చేసే సంస్థలు పుట్టుకొచ్చాయి. చాలా దేశాలు దానిని వ్యతిరేకించడంతో అంతర్జాతీయ టెలికాం సమాఖ్య 1994 క్యోటో సమావేశంలో ఈ పద్ధతుల మీద ఒక తీర్మానం కూడా చేసింది. మన దేశంలో విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం 2002 మార్చితో ముగిసింది. ఆ తరువాత పోటీ పెరిగి ధరలు దిగివచ్చాయి. ఇప్పుడు ఇంటర్నెట్ ఉన్న రెండు ఫోన్ల మధ్య యాప్ ద్వారా మాట్లాడుకోవడానికి నిమిషాల లెక్కే లేదు. మీ ఊరి పెద్దలకు మీరు చేయగల మేలు వారి ఫోన్లలో ఆ యాప్‌ను అమర్చి, పిల్లల ఫొటో నొక్కితే కాల్ వెళ్లేలా చేసి పెట్టడం.

ప్రశ్న: మా కాల్‌బ్యాక్ సరిగానే వస్తోంది. కానీ ఎత్తిన తరువాత మా మాట వారికి వినిపిస్తుంది, వారి మాట మాకు వినిపించదు. ఆపరేటర్‌ను అడిగితే తమ వైపు లోపం లేదంటున్నారు.
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: లోపం చాలావరకు మీ రూటర్ దగ్గరే ఉండవచ్చు. కాల్‌ను కుదిర్చే సంకేతాలు ఒక దారిలో, మాట మరొక దారిలో ప్రయాణిస్తాయి. మొదటిది సరిగా నడుస్తున్నందువల్ల ఫోన్ మోగుతోంది. రెండవది లోపలికి వచ్చే దిశలో ఆగిపోతోంది. సర్వర్ తన లోపలి నెట్‌వర్క్ చిరునామానే అవతలివారికి చెబుతుంటే వారి మాట ఆ చిరునామాకు ఎన్నటికీ చేరదు. ఆస్టరిస్క్ అమరికలో బయటి చిరునామా ఏది, లోపలి నెట్‌వర్క్ ఏది అన్న రెండూ నింపి, 10000 నుంచి 20000 వరకు గల, మాట ప్రయాణించే యూడీపీ పోర్టులను రూటర్ నుంచి సర్వర్‌కు మళ్లించండి. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే ఆపివేయండి. సాయం చేయడానికి పెట్టినదే అయినా అది చిరునామాలను తారుమారు చేస్తుంటుంది.

ఇవన్నీ చేసినా మారకపోతే, రూటర్ చూపే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలవుతోందా అని చూడండి. అలా ఉంటే మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఒకే చిరునామాను ఎందరికో పంచుతోందని అర్థం, కాబట్టి మీ రూటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా ఫలితం ఉండదు. మీ కనెక్షన్‌కు స్టాటిక్ ఐపీ (మీకు ఒక్కరికే చెందిన, మారని బయటి చిరునామా) ఇమ్మని ఆ సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. అది వచ్చిన తరువాత సర్వర్‌లో బయటి చిరునామాను మార్చడం మరువకండి.